అత్తగారి బరువు

ఉదయం ఆరున్నరకు కోడలు మంచం పక్కన నిలబడి, రెండు చేతులూ అత్తగారి చంకల కింద పెట్టి, "ఒకటి, రెండు, మూడు" అంటూ లేపింది. భర్త బస్సు డ్రైవరు. తెల్లవారకముందే డిపోకు వెళ్లిపోతాడు. అందుకని నాలుగు నెలలుగా ఈ పని ఆమెదే.

అత్తగారు ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, రెండు నెలలు మంచం మీద ఉండేసరికి కాళ్లలో కండంతా కరిగిపోయింది. ఎముక అతుక్కుంది కానీ తనంతట తాను లేవలేకపోతోంది. రోజూ వ్యాయామం చేయించి, అరవై గ్రాముల ప్రోటీన్ తినిపిస్తే కండ పడుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పింది. మందుల షాపులో పనిచేసే కోడలికి మోతాదులంటే మహా పట్టింపు. గుడ్డుకు ఆరు, గ్లాసు పాలకు ఎనిమిది, చేప ముక్కకు ఇరవై అని కాగితం మీద రాసి వంటింటి తలుపుకు అంటించింది. ఏ రోజుకారోజు అరవై పూర్తయితే గానీ ఆమెకు తోచేది కాదు.

"మూడో గుడ్డు తిన్నారా అత్తయ్యా?"

"తిన్నానే తల్లీ. ఇంకోటి తింటే నేనే గుడ్డు పెట్టేట్టున్నాను."

ఒక ఆదివారం ఆడపడుచు వచ్చింది. నెలకోసారి వచ్చి తల్లికి తలంటి వెళ్లడం ఆమెకు అలవాటు. స్నానం చేయించి బయటికి వచ్చేసరికి ఆమె మొహం మాడిపోయి ఉంది.

"వదినా, అమ్మ తొడలు చూశావా? నా చెయ్యంత కూడా లేవు. ఇప్పుడే తూచాను. నలభై నాలుగు కిలోలు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నలభై ఎనిమిది."

కోడలు గతుక్కుమంది. తిండిని గ్రాముల్లో లెక్కపెట్టిందే గానీ, తినే మనిషిని ఒక్కసారీ తూచలేదు.

"రోజూ అరవై గ్రాములు తప్పకుండా పెడుతున్నాను. కావాలంటే కాగితం చూడు."

"కాగితం నేనెందుకు చూడటం? మనిషిని నువ్వు చూడాల్సింది. కన్నతల్లి కాబట్టి నా కళ్లకి ఆనింది."

"కన్నతల్లే. మరి ఆ కన్నతల్లిని రోజూ పొద్దున్నే లేపేదెవరు? నెలకోసారి వచ్చి లోపాలు చెప్పడం ఎవరైనా చేస్తారు."

"వదినా, మాట జారకు."

"జారింది నేను కాదు."

కుర్చీలో కూర్చున్న ముసలావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోడలు ఫోన్ తీసి ఫిజియోథెరపిస్టుకు కలిపి, ఆడపడుచుకు కూడా వినబడేట్టు బల్ల మీద పెట్టింది. విషయమంతా చెప్పింది.

"ప్రోటీన్ సరే, మిగతా తిండి మాటేమిటి? అన్నం, నూనె, పళ్లు?" అని అడిగింది ఫిజియో.

"అన్నం..." కోడలు ఆగింది. "ఈ మధ్య రోజూ మిగులుతోంది. అందుకని బియ్యం తగ్గించి పోస్తున్నాను."

"అదీ సంగతి. ఆవిడకి రోజుకి పదహారు వందల కేలరీలన్నా కావాలి. మీరు చెప్పేదాన్ని బట్టి వెయ్యి కూడా దాటట్లేదు. మీరు ఇటుకలు తెచ్చి పడేశారమ్మా, పనివాళ్లకి కూడు పెట్టలేదు. ఆకలికి తాళలేక ఒళ్లు ఆ ఇటుకలనే తినేస్తోంది. ఇంక గోడెక్కడ లేస్తుంది? అన్నం పెంచండి, వేరుశనగలు, అరటిపండు ఇవ్వండి. అలాగని కుక్కెయ్యకండి, కండకి బదులు కొవ్వు పడుతుంది. వారం వారం తూచి చూసుకోండి."

కోడలు ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు తిరిగింది.

"అన్నం ఎందుకు వదిలేస్తున్నారు అత్తయ్యా?" కోడలు నెమ్మదిగా అడిగింది. "ఆకలి లేదా?"

"ఆకలికేం, బాగానే ఉంది." ముసలావిడ చీర కుచ్చెళ్లు సర్దుకుంది. "ఓ రోజు నన్ను లేపి కూర్చోబెట్టి, వంటింట్లోకి వెళ్లి నడుం పట్టుకుని గోడకి ఆనుకున్నావు. నేను చూడలేదనుకున్నావు. కాగితం మీద రాశావు కదాని గుడ్లూ చేపా వదల్లేదు. అన్నం తింటే బరువెక్కుతాను, నిన్ను ఇంకా విరగదీస్తాను. అందుకని నా కంచంలోది మళ్లీ గిన్నెలో వేసేదాన్ని."

ఆడపడుచు తల పక్కకు తిప్పుకుంది. కోడలు అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. కళ్లు తుడుచుకుంటే మళ్లీ నిండాయి.

"నడుం నొప్పి నిజమే, అబద్ధం ఎందుకు చెప్పను? కానీ మీరు చిక్కినకొద్దీ లేపడం ఇంకా కష్టమైంది అత్తయ్యా. మొదట్లో మీ కాళ్లు కాస్తో కూస్తో సాయం పట్టేవి. ఇప్పుడు మొత్తం నా మీదే వాలిపోతున్నారు."

ముసలావిడ నోరు తెరుచుకుని చూసింది. "అయితే నా కడుపు మాడ్చుకుని నీ నడుమే విరగ్గొట్టానన్నమాట."

ముందు ఆడపడుచుకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. వచ్చి వదిన పక్కనే చతికిలబడింది. "నాదే తప్పు వదినా. ఇకనుంచి వారానికి రెండు రోజులు పొద్దున్నే నేనొస్తాను. అమ్మని నేను లేపుతాను. నువ్వు పడుకో."

అన్నట్టుగానే వచ్చింది. పెట్టిందంతా అత్తగారు తిన్నది. కుర్చీ పట్టుకుని లేచి కూర్చునే వ్యాయామం తిట్టుకుంటూనే చేసింది. మొదటి రెండు వారాలు తూకం ముల్లు కదల్లేదు. మూడో వారం అరకిలో పెరిగింది. మూడో నెలకు నలభై ఏడు దాటింది.

ఒక ఉదయం కోడలు ఎప్పటిలా చేతులు చాపింది. "ఉండు" అంది అత్తగారు. మంచం అంచుకు జరిగి, పాదాలు నేలకు ఆనించి, పళ్లు బిగబట్టి లేచింది. మోకాళ్లు వణికాయి కానీ నిలబడింది.

చాపిన చేతులు ఏం చేసుకోవాలో కోడలికి తెలియలేదు. ఆ చేతులతోనే అత్తగారిని వాటేసుకుంది. ఇన్ని నెలలుగా రోజూ పట్టుకుంటూనే ఉంది గానీ, ఊరికే కౌగిలించుకోవడం మాత్రం అదే మొదటిసారి.