క్లబ్‌హౌస్ అద్దం మీది చార్టు

సాయి ప్రియకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కూతురు హాసిని నోరు మళ్ళీ మూతపడిపోతుందేమోనని. ఆరేళ్ళ పిల్ల, బడిలో స్పీచ్ క్లాసు పెట్టాకే నాలుగు మాటలు కూడబలుక్కుంటోంది.

శుక్రవారం పొద్దున అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఇండియన్ స్టోర్ మీదున్న చిన్న ఆఫీసులో, ప్రైవేట్ డిటెక్టివ్ జగన్మోహన్ ఎదుట కూర్చుని ఆమె ఆ మాటే ముందు చెప్పింది.

"స్కూల్ బోర్డుకి ఇద్దరు నిలబడ్డారు సార్. కెల్లర్ గారు ప్రతి బడిలోనూ స్పీచ్ క్లాసు ఉంచుతామంటున్నారు. హాబ్స్ గారు ఆ క్లాసులన్నీ ఒకేచోట కలిపి, బస్సులు పెంచుతారట. నాకు ఓటు లేదు. ఉన్నవాళ్ళు పోల్చి చూసుకుంటారని ఇద్దరి మాటలూ పక్కపక్కన తెలుగులో రాసి మా కాలనీ క్లబ్‌హౌస్ అద్దానికి అంటించాను. నిన్న సాయంత్రం చూస్తే పేర్లు తారుమారు! నేనే మోసం చేశానని కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఇంటర్ కూడా గట్టెక్కనిదానికి ఎలక్షన్లెందుకని మా పక్కింటి ఇషా పెట్టింది. రేపే ముందస్తు ఓటింగుకి ఆఖరు రోజు."

"పేర్లు విడిగా అంటించారా?"

ఆమె తల దించుకుంది. "బ్యాలెట్ మీద ఉన్నట్టే ఇంగ్లీషులో రాశాను. తప్పు పోతుందేమోనని చీటీల మీద నాలుగేసిసార్లు రాసుకుని, కుదిరినవి టేపుతో అంటించా."

"ఆ చీటీలే మనకి చెప్తాయి. స్మృతీ, కారు తియ్యమ్మా."

అసిస్టెంటు స్మృతి అప్పటికే తాళాలు చేతిలోకి తీసుకుంది. మూడేళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్నా, ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో చూడటం ఆమెకి ఇంకా ముచ్చటే.

వాళ్ళు వెళ్ళేసరికి ఒంటిగంట. క్లబ్‌హౌస్ అద్దం మీద ఎండ ఫెళ్ళున కాస్తోంది. కిటికీ గట్టు మీద మెలికపడిన టేపు ముక్కలు. పేర్ల చీటీల అంచున సన్నటి చీమల బారు. జగన్మోహన్ ఒక చీటీని గోటితో తట్టారు. వెనక ఏదో ఎండి గట్టిపడి ఉంది.

హాబ్స్ తరఫున కరపత్రాలు అంటిస్తున్న రోహన్ ముందే ఉడికిపోయాడు. "నేనేనంటారా అంకుల్? నిన్నంతా ఆఫీస్‌లో ఉన్నా. హాబ్స్‌కి ఓటు అడగాలంటే బస్సుల మాటే చెప్తా, అబద్ధమెందుకు?"

"ఆ టేపు చుట్ట ఎప్పుడూ చేతికేనా?"

"నెల నుంచీ. మా ఆవిడ కంకణం కట్టుకున్నావా అంటోంది."

స్మృతి ఫక్కున నవ్వింది.

సోఫాలో వసంతలక్ష్మి గారు పెరుగన్నం డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"రోజూ ఇక్కడేనా అమ్మా?"

"పన్నెండున్నరకి వస్తాను నాయనా. పిల్లలు ఆఫీసులకి పోతే ఆ ఇంట్లో ఒక్కదానికి ముద్ద దిగదు. ఇక్కడ మనిషి అలికిడైనా ఉంటుంది."

"చార్టు చదివారా?"

"ముత్యాల్లాంటి అక్షరాలు! ఆ పైన ఇంగ్లీషు ఒక్కటే నాకు రాదు."

సాయంత్రం ఐదింటికి జగన్మోహన్ ఇషాతో సహా అందర్నీ అక్కడే కూర్చోబెట్టారు. హాసిని తల్లి కొంగు పట్టుకుని నిలబడింది.

"ఎండకి టేపు ఊడింది, ముక్కలు గట్టు మీదే ఉన్నాయి. రోహన్ అంటించి ఉంటే టేపుతోనే అంటించేవాడు. చీటీలకి చీమలు పట్టాయి. అంటే అతికించింది అన్నం మెతుకులతో. అన్నం ఇక్కడికి తెచ్చుకునేది ఒకరే. తెలుగు చదివి, ఇంగ్లీషు రానిదీ ఆవిడే. ఇందులో మోసం లేదు, మంచితనం ఉంది."

వసంతలక్ష్మి గారి కళ్ళు నిండాయి. "చీటీలు రెండూ కింద పడున్నాయి. పాపం, కష్టపడి రాసుకుందే అని అతికించాను. ఏది ఎటో అడుగుదామంటే నిన్న ఆ వేళకి ఒక్కరూ లేరు. నావల్ల మాట పడ్డావా తల్లీ?"

సాయి ప్రియ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. అందరూ వింటుండగానే అంది: "నాకూ ఆ పేర్లు నాలుగుసార్లు రాస్తేగానీ రాలేదు పిన్నిగారూ."

 రోహన్ కంకణం తీసి చీటీలు సరిచేశాక, ఇషా చార్టు ఫొటో తీసి 'తప్పు నాదే, క్షమించు సాయి ప్రియా' అని గ్రూపులో పెట్టింది.

అప్పుడు హాసిని ఆ డబ్బా మూత తీసి చూసింది. పెదాలు కూడదీసుకుని, "మామ్మా... తి... తిన్నావా?" అంది. సాయి ప్రియ ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఇప్పుడు రోజూ పన్నెండున్నరకి సాయి ప్రియ అక్కడికి వెళ్తోంది. వచ్చే బుధవారం హాసినితో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఆ ఒక్కరోజు కుదరదు. మీరు ఆ దగ్గర్లో ఉంటే, వసంతలక్ష్మి గారు ముద్ద తిన్నారో లేదో ఒకసారి చూసి రండి.