వాసుకి పట్టిన మెరుపు

"మీ నూలే దీన్ని చెడగొట్టింది," అన్నాడు సౌందరరాజ, తన మెరుపుపెట్టెలోంచి తీసిన కాలిన తీగచుట్టను వాసుకి ముందు పెట్టి.

ఇంగ్లీషు రాణిగారి దొరతనం నడుస్తున్న రోజులవి. కారమడై నేతవాళ్ల వీధిలో వాసుకి నూలుకు వంకపెట్టే ధైర్యం అంతదాకా ఎవరికీ లేదు. ఆమెకు ఒళ్లు మండింది.

"మా ఇంట్లో గంజిపెట్టని నూలు బయటికి పోదు. తీగకు చుట్టమంటిరి, చుట్టిస్తిని. ఇంకేమి?"

"ఆ గంజే వానచెమ్మ పీల్చింది. మెరుపు నూలును కాల్చుకుని లోపలే దూకేసింది."

వాసుకి చుట్టను వాసన చూసింది. మాడిన గంజి. తప్పు తనదే, కానీ ఒప్పుకోవడం ఆమెకు చేతకాదు. "మైనం తెండి," అంది.

ఊరు విడిచిపోయిన దొర దగ్గర అతను కొన్న, మెరుపులు పుట్టించే పాత పెట్టెలోది ఆ చుట్ట. ఇద్దరూ కూర్చుని మైనపు నూలుతో మళ్లీ చుట్టారు. అతను పెట్టెకు మెరుపును నిలవచేసే గాజు జాడీలు, ఇంకో పెద్ద చుట్ట కలిపాడు. ఆ చుట్ట కొననుంచి వచ్చే ఊదా మెరుపు, లోహం పట్టుకున్న చేతిని తన్నదని తన చేత్తోనే చూసుకున్నాడు. చుట్టేటప్పుడు వేళ్లు తగిలేవి. తగలనట్టు ఇద్దరూ నటించేవారు. వాన పడితే చాలు, అతను గొడుగు మరిచి వచ్చేవాడు. ఆమె నవ్వు దాచుకునేది.

ఇంతలో మేనమామ రత్నసభాపతి మురై, అంటే మేనరికపు హక్కు, అడిగాడు. అక్క కూతురు తన కొడుక్కే రావాలి. వాసుకి కోరుకున్న సౌందరరాజకు ఇవ్వాలంటే, పిల్ల చేతి తాంబూలం తీసుకుని ఆయన హక్కు వదులుకోవాలి.

"ఆ పిశాచిపెట్టె పిల్లోడికా? వదలను," అన్నాడు వాసుకితో, అందరి ముందూ. "అది మనిషిని తినదంటే నువ్వే చెయ్యిపెట్టి చూపించు. అప్పుడు తాంబూలం తీసుకుంటా."

సౌందరరాజ ముఖం పాలిపోయింది. "వద్దు వాసుకీ. నేను పెడతా."

"మామ అడిగింది నన్ను. మీరు నడపండి."

ఇత్తడి పళ్లెంలో ఆకులూ వక్కలూ పెట్టుకుని నిలబడింది. పెట్టె బుర్రుమంది. మెరుపు జానెడు దూకి పళ్లెం అంచు పట్టుకుంది. జనం వెనక్కి తోసుకున్నారు. వాసుకి చేతిలో పళ్లెం కదల్లేదు.

"తీసుకో మామా."

"ముందు దాన్ని ఆపమను."

"నువ్వు తీసుకున్నాకే ఆగుతుంది. వద్దంటే చెప్పు, ఈ పెట్టెతోనే నీ ఇంటికి కోడలుగా వస్తా."

మామ కొడుకు అప్పటికే వాకిలి దాటాడు. రత్నసభాపతి చెయ్యి చాచి, వెనక్కి లాక్కుని, చివరికి కళ్లు మూసుకుని ఒక ఆకు లాగాడు.

సౌందరరాజ పెట్టె ఆపి పరుగున వచ్చాడు. అందరూ చూస్తుండగానే ఆమె చెయ్యి పట్టుకుని తిప్పితిప్పి చూశాడు. "కాలిందా?"

"లేదు. వదలకండి," అంది వాసుకి, మామ కళ్లలోకే చూస్తూ.