తొమ్మిది రోజుల మొగుడు

“సబ్‌మెరైన్ సౌండ్ ప్రొఫైల్ పోయింది,” అన్నాడు చీఫ్.

కళ్ళద్దాల దుకాణం వెనక గది అది. గోడకి అక్షరాల చార్టు, ఎదురుగా ఓ స్టూలు. కంటి పరీక్షకి వచ్చినవాడిలా ఆ స్టూలు మీద కూర్చున్నాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఊసరవెల్లి అంటారు. పోస్ట్‌మాన్‌గా, పళ్ళ డాక్టర్‌గా, ఒకసారి ఏకంగా పెళ్ళికూతురి మేనమామగా వేషం కట్టి, ఎవరికీ దొరక్కుండా బయటపడ్డ మనిషి.

“ఎంత ప్రమాదం సార్?”

“ఒక్కో సబ్‌మెరైన్ ఇంజనూ ఒక్కోలా మోగుతుంది, వేలిముద్రలాగా. ఆ మోత తెలిస్తే సముద్రం అడుగున ఎక్కడ దాక్కున్నా పట్టేస్తారు. వచ్చే నెల అందులో అరవై రెండు మంది బయల్దేరుతున్నారు.”

“తీసింది ఎవరు?”

“ఒక విదేశీ ముఠా షిప్‌యార్డ్ లోపలి మనిషి చేత కాపీ చేయించింది. ఇరవయ్యో తారీఖున ఎయిర్‌పోర్ట్‌లో చిప్ చేతులు మారుతుంది. పట్టుకొచ్చే మనిషి ఈ కొరియా టూర్ గ్రూపులో ఉంది.”

చీఫ్ కాగితం ముందుకు తోశాడు. తొమ్మిది పేర్లు. అయిదోది ఊసరవెల్లిది. ఆరోది అతని భార్యది.

అతను ఆ రెండు పేర్లూ మళ్ళీ చదివాడు.

“నాలుగు రోజులు నీ వెనక మనుషుల్ని పెట్టాను. నువ్వు కాదని తేలాకే పిలిచాను.”

అంటే ఇంకెవరో అడగక్కర్లేదు. ఆమె షిప్‌యార్డ్‌లో ఇంటర్‌ప్రెటర్. నాలుగు భాషలు వచ్చు. ఆమె లోపలికొస్తే నేవీ అధికారులు ఫైల్లో ఏ పేజీలో ఉన్నారో మరిచిపోయేవారు.

“ఎందుకు చేసింది?”

“ఓడల్లో పనిచేసే తమ్ముడున్నాడుగా. వాడు వాళ్ళ చేతిలో ఉన్నాడు. ఉండేవాడు.” చీఫ్ తల వంచుకున్నాడు. “వాడు పోయి ఏడు నెలలైంది. రికార్డు చేసిన గొంతు ఫోన్లో వినిపించి ఆవిణ్ణి ఆడిస్తున్నారు. ఆవిడకి తెలీదు. అవసరమైతే ఆ మాట వాడుకో. ముందే మాత్రం చెప్పకు.”

“ఇవాళే అరెస్ట్ చెయ్యొచ్చుగా సార్?”

“అందుకునేవాడు జారిపోతాడు. సరుకు చేతులు మారేదాకా నువ్వు ఆవిడకి మొగుడివి. అంతే.”

“ఆరేళ్ళ నుంచీ అదే కదా సార్ నేను.”

చీఫ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

*

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద కొరియా మ్యాప్ పరిచి ఉంది. చుట్టూ రంగు పెన్సిళ్ళు.

“ఏమండీ, టూర్‌వాళ్ళు మనిష్టమన్నారు. సియోల్ నుంచి బూసాన్‌కి రైల్లో వెళ్దామా, విమానంలోనా?”

“రైల్లో.”

“నేనూ అదే అనుకున్నా. మీరు కిటికీ పక్కన. ఊళ్ళు చూసుకుంటూ నోరు తెరుచుకుని నిద్రపోతారు.” ఆమె ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. “తర్వాత జెజు దీవి. అక్కడ ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకుతారట. డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కూడా! ఎంతసేపు బిగబడతారో మరి.”

ఊసరవెల్లి మ్యాప్ మీదకి వంగాడు. అతనూ ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

ఆరేళ్ళుగా వాయిదా పడుతున్న ప్రయాణం. ఆమెకి తెలిసినంతవరకూ అతను ఇన్సూరెన్స్ సర్వేయర్. ఎక్కడ గోడౌన్ తగలబడినా పరుగెత్తాల్సిందే. సెలవు దొరికేది కాదు. ఇప్పుడు దొరికింది.

మూడో రోజు ఆమె ఆఫీసుకి వెళ్ళాక పెట్టె వెతికాడు. పెన్నులో దాచిన స్కానర్ ఆమె నల్లకోటు మీదుగా పోనిస్తే, రెండో గుండీ దగ్గర ఆకుపచ్చ చుక్క వెలిగింది. గుండీ లోపల చిప్. ముట్టుకోకుండా కోటు మడిచి పెట్టాడు. దాని కింద కొత్త ఉన్ని సాక్సులు మూడు జతలు కనిపించాయి. ఒక చీటీ కూడా: “ఈయన పాదాలు చల్లబడతాయి. చేతిసంచీలో పెట్టాలి, పెద్ద పెట్టెలో కాదు.”

మంచం అంచున కూర్చుండిపోయాడు. ఎన్నో వేషాలు కట్టాడు. అవన్నీ రాత్రికి విప్పేసేవాడు. ఇది మాత్రం విప్పడానికి కింద ఇంకేమీ లేదు.

ఎనిమిదో రోజు ఫోన్ మాట్లాడి వచ్చిన ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఎవరు?”

“తమ్ముడు. బాగానే ఉన్నాట్ట.” గొంతు తగ్గించింది. “ఏమండీ, అక్కడికెళ్ళాక మీకో మాట చెప్పాలి.”

“ఇక్కడే చెప్పొచ్చుగా?”

“ఇక్కడ గోడలకి చెవులుంటాయండీ,” అని నవ్వబోయింది.

ఆ చెవులు తనవేనని చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. అరవై రెండు మంది గుర్తొచ్చి మింగేశాడు.

*

ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ క్యూ. నేల తుడుస్తున్న ఇద్దరూ డిపార్ట్‌మెంట్ వాళ్ళే. కాఫీ అమ్ముతున్నవాడూ అంతే. ఊసరవెల్లి చెవిలో గింజంత ఇయర్‌పీస్.

ఆమె కోటు విప్పి ట్రేలో పెట్టింది. ట్రే ఎక్స్‌రేలోకి పోయింది. అతన్ని బెల్టు తీయమన్నారు. తల వంచిన మూడు సెకన్లు చాలాయి. ఆమె మళ్ళీ కోటు తొడుక్కునేసరికి రెండో గుండీ ఉన్నచోట దారం వేలాడుతోంది.

“మారిపోయింది! ఎవరు తీశారు?” చెవిలో చీఫ్ కేక.

“చూళ్ళేదు.”

ముందు వందమంది. నాలుగు గేట్లలో నాలుగు విమానాలు. ఒకదానికి చివరి పిలుపు వినిపిస్తోంది. తెలిసింది ఆమె ఒక్కదానికే.

ఊసరవెల్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “రెండో గుండీ ఎవరికిచ్చావు?”

ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది. అతన్ని, నేల తుడిచేవాళ్ళని, మళ్ళీ అతన్ని చూసింది. అంతా అర్థమైంది.

“చెప్పలేనండీ. తమ్ముణ్ణి చంపేస్తారు.”

“వాడు లేడు.”

“నిన్ననే మాట్లాడాడు!”

“నువ్వడిగినదానికి ఒక్కసారైనా జవాబు చెప్పాడా?”

ఆమె పెదవులు కదిలాయి. అన్నం తిన్నావా అంటే, అక్కా నేను బాగున్నాను. జ్వరం తగ్గిందా అంటే, అక్కా నేను బాగున్నాను. ఏడు నెలలుగా అదే ముక్క, అదే గొంతు.

“ఎప్పుడు?” అంది.

“ఏడు నెలలైంది.”

“మీకెప్పుడు తెలిసింది?”

అబద్ధం అతని వృత్తి. ఆ క్షణంలో అదీ చేతకాలేదు.

“తొమ్మిది రోజులు.”

“తొమ్మిది రోజులు...” ఆమె చెయ్యి మెల్లగా వదిలించుకుంది. “నా తమ్ముడు చచ్చిపోయాడని తెలిసి, నాతో కూర్చుని రైలు టైములు చూశారా?”

మైకులో చివరి పిలుపు ఆగిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

“పద్నాలుగో గేటు. చక్రాల కుర్చీలో ముసలాయన. వాడి కాళ్ళకేం రోగం లేదు.”

ఊసరవెల్లి పరుగెత్తాడు. గేటు తలుపు మూసుకుంటోంది. భుజంతో తోసుకుని లోపలికి దూకాడు. కుర్చీలో మనిషి వెనక్కి చూసి, తెల్లజుట్టు విగ్గు ఎగిరిపోతున్నా ఆగకుండా విమానంవైపు లంఘించాడు. నేల తుడిచేవాళ్ళలో వెనకే పరుగెత్తుకొచ్చిన ఒకడు విసిరిన కర్ర వాడి కాళ్ళ మధ్య పడింది. విమానం గుమ్మానికి రెండడుగుల దూరంలో బోర్లాపడ్డాడు. దవడ నొక్కితే నోట్లోంచి గుండీ బయటపడింది.

“సరుకు దొరికింది సార్.”

“శభాష్!” అన్నాడు చీఫ్. ఊసరవెల్లి ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు.

వెనక్కి వచ్చేసరికి ఆమెకి రెండు వైపులా ఇద్దరు ఆడ ఆఫీసర్లు నిలబడి ఉన్నారు.

“అంత్యక్రియలు ఎవరైనా చేశారా వాడికి?”

“తెలీదు. కనుక్కుంటాను.”

ఆమె తలూపింది. రెండడుగులు వేసి ఆగింది. “నేను దొంగనే. మరి మీరెవరండీ అసలు?”

ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి అడిగిన ప్రశ్న. జవాబు కోసం ఆమె ఆగలేదు.

*

సోమవారం ఆఫీసులో గుమాస్తా అమ్మాయి ఓ ఫారం ఇచ్చింది. మంజూరైన సెలవు వాడుకోకపోతే కారణం రాయాలట. రెండు గడులున్నాయి. ఒకటి ఆఫీసు పని, రెండోది కుటుంబ కారణం.

ఊసరవెల్లి రెండింటిలోనూ టిక్ పెట్టాడు.

“ఒక్కటే పెట్టాలి సార్. రెండూ కలిపితే కంప్యూటర్ తీసుకోదు.”

“మనిషే తీసుకోలేకపోతున్నాడమ్మా,” అన్నాడు పెన్ను మూత పెడుతూ. “పాపం, కంప్యూటర్‌ని ఏమని తప్పుపడతాం?”