నాలుగో ఛాంబరు నుంచి ఫోను

నర్సంపేట రోడ్డు మీద వెంకట్రాజం సేటు కోల్డ్ స్టోరేజి ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. అందులో నాలుగో ఛాంబరు ఎటు అని మాత్రం అడగకండి. చూపించే చెయ్యి సగంలోనే కిందికి దిగిపోతుంది.

మిగతా మూడు ఛాంబర్లతో ఏ పేచీ లేదు. మిర్చి బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. చలి ఉంటుంది, ఘాటు ఉంటుంది — అంతే. నాలుగోదాంట్లో ఇంకొకటి కూడా ఉంటుంది...

దగ్గు.

లోపల నరమానవుడు లేనప్పుడు కూడా దగ్గు వినిపిస్తుంది. ఎవరైనా లోపలికి వెళ్తే, జానెడు మందం ఉన్న ఆ ఇనుప రేకు తలుపు తనంతట తానే కదులుతుంది. మెల్లగా... సప్పుడు లేకుండా... వచ్చి మూసుకుంటుంది.

పోయిన ఏడాది సేటు కాలం చేశాక మొదలైంది ఇదంతా. బతికున్నన్నాళ్లు ఆయన నోట ఒక్కటే మాట — "తలుపు ఎయ్యుండ్రా! సల్లదనం పోతాంది!" హమాలీ బస్తా తీసుకుని లోపలికి పోయినా అదే అరుపు, బయటికి వచ్చినా అదే అరుపు. ఏళ్ల తరబడి మిర్చి ఘాటు మింగి మింగి గొంతు గరగరలాడేది. మాటకొక దగ్గు. ఇక చెప్పేదేముంది? దగ్గేదీ ఆయనే, తలుపు మూసేదీ ఆయనే అని హమాలీలు తేల్చేశారు.

ఆ రాత్రి ముచ్చట నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారు. చెప్పేవాళ్లెవరూ అక్కడ లేరు. నేనున్నాను. నేనంటే టెలిఫోన్ రామలింగాన్ని. కాజీపేట నుంచి డోర్నకల్ దాకా ఏ స్తంభాన్ని అడిగినా నా పేరు చెప్తుంది. గాలివానలో స్తంభమెక్కి, తెగిన తీగ ఒక కొస ఈ చేత్తో, ఇంకో కొస ఆ చేత్తో పట్టుకుని, నా ఒంట్లోంచే హైదరాబాదుకు ట్రంకు కాల్ కలిపినవాణ్ణి. అవతల మాట్లాడిన పెద్దసారు, "ఇయ్యాల లైను ఎంత సాఫుగున్నదయ్యా!" అని మెచ్చుకున్నాడట. నాకు తుమ్ము వస్తే ఆపుకున్నాను. తుమ్మితే కాల్ కట్టయ్యేది.

అలాంటి నా దగ్గరికి ఓ సాయంత్రం సేటు కొడుకు శేఖర్ వగరుస్తూ వచ్చాడు.

"మామా, ఇజ్జత్ పొయ్యేటట్టున్నది. నాలుగో ఛాంబర్ల సరుకు తెల్లారేవరకు లారీ ఎక్కాలె. హమాలీలేమో లోపల అడుగు పెట్టమంటాండ్లు. లారీ ఖాళీగ పోయిందంటే సరుకు కొన్న వ్యాపారి మల్ల మన గడప తొక్కడు. ఆయన్ని చూసి రైతులు గూడ బస్తాలు తీస్కపోతరు. బాపు కట్టినదానికి నా చేత్తోని తాళమెయ్యాలె."

తండ్రి పోయాక పిల్లవాడికి ఇదే మొదటి సీజను. ముఖం చూస్తే తాళం అప్పుడే వేసినట్టుంది.

"హమాలీలకు ఏం గావాల్నట?"

"ఫోను, మామా."

న్యాయమైన కోరికే. ఆ మందపాటి గోడల లోపలికి సెల్లు సిగ్నల్ రాదు. ఏదన్నా మీద పడితే ఎవర్ని పిలవాలి? అందుకని హమాలీల మేస్త్రీ అబ్బాస్ షరతు పెట్టాడు — లోపల గోడకు ఒక ఫోను ఉండాలి, ఎత్తగానే ఆఫీసులో మోగాలి, నంబరు నొక్కే పనే ఉండొద్దు. "దయ్యం గొంతు పట్టుకున్నంక నంబర్లు ఎవడు నొక్కుతడు?" అన్నాడట.

ఇప్పటి ఫోన్లకు స్తంభాలెక్కడివి! ఇంటర్నెట్ తీగ వచ్చి ఒక తెల్ల డబ్బాలో దూరుతుంది. రౌటర్ అంటారు. ఆ డబ్బా వీపున ఫోన్లకు రెండు రంధ్రాలు. మొదటిదానికి ఆఫీసు ఫోను ఎప్పటినుంచో తగిలించి ఉంది. రెండోదాన్ని నిద్ర లేపి, "నిన్ను ఎత్తితే ఆఫీసుది మోగాలి" అని దానికి బుద్ధి చెప్పాలి. కంపెనీ మనిషి ఎల్లుండి వస్తానన్నాడు. లారీ ఎల్లుండి దాకా ఆగుతుందా?

"కంపెనీ ఎందుకు, నేను సచ్చిన్నా?" అన్నాను.

రౌటర్ను అంతకుముందు ముట్టుకుని ఎరగను. అయితే ఏం? హనుమంతుడు మాత్రం అంతకుముందు లంకకు పోయి వచ్చాడా?

వెలుతురు ఉండగానే తీగను ఆఫీసు నుంచి లాగించి, గోడ రంధ్రంలోంచి బయటినుంచే నాలుగో ఛాంబరు లోపలికి తోయించాను. దాని కొసకు ఫోను తగిలించడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క పనికి లోపలికి ఎవరు పోతారు అంటే... హమాలీలు బీడీల వంక చూశారు. బీడీలు హమాలీల వంక చూశాయి.

"అది తర్వాత చూద్దాం. నేను లారీ డ్రైవర్‌తోని మాట్లాడొస్త," అని శేఖర్ బయటికి వెళ్లాడు.

చీకటి పడింది. ఆఫీసులో శేఖర్ లాప్‌టాప్ ముందర నేను. పక్కన అబ్బాస్. కింద కూర్చుని దబ్బనంతో చిరిగిన బస్తాలు కుడుతున్న మొగిలమ్మ. మెట్ల మీద హమాలీలు.

రౌటర్ పేజీ తెరిచాను. వాయిస్ సెట్టింగ్స్ అని ఉన్నచోట నొక్కాను. ఖాళీ గళ్లు బారులు తీరి నిలబడ్డాయి — నంబరేమి, పాస్‌వర్డేమి, ఏ సర్వర్ నుంచి పోవాలి, ఎత్తగానే ఎవరికి పోవాలి... నా చూపుడు వేలు ఒక్కటే దిగింది రంగంలోకి. పది వేళ్ల పని చేసింది.

"అన్నా, ఆ డబ్బా ఎర్రగ చూస్తాంది," అంది మొగిలమ్మ.

"అది భయం. ఎవరి చేతుల పడ్డదో దానికి సమజైంది."

"నాకైతే కోపమోలె అనిపిస్తాంది."

ఆడవాళ్లకు యంత్రాల మనసు తెలియదు. చివరి గడి నింపాను. వేలు ఎత్తి, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను...

ట్రింగ్!

ఆఫీసు ఫోను మోగింది.

అబ్బాస్ ఎగిరి గంతేశాడు. "వాహ్ చాచా! అయిపోయిందా?"

"రామలింగం చెయ్యి పడ్డంక కాకేమైతది!" అని మీసం మీద చెయ్యి వేశాను.

ట్రింగ్... ట్రింగ్...

అబ్బాస్ నవ్వు ఆగిపోయింది. వాడి చూపు ఫోను మీది చిన్న అద్దం మీద ఉంది. అందులో ఇంగ్లీషు అక్షరాలు వెలుగుతున్నాయి. వాడు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.

"వెం... కట్... చాచా... సేటు పేరొస్తాంది."

మెట్ల మీద బీడీలన్నీ ఒక్కసారే రాలాయి. మొగిలమ్మ దబ్బనం బస్తాను వదిలి వేలును కుట్టింది.

"ఎత్తకు చాచా..."

ఎత్తాను. ఇంకెవరైనా అయితే గుండె ఆగేది. నా చెయ్యి వణికిందని అబ్బాస్ ఊరంతా చెప్తాడు. వణికింది ఫోను. అది మోగుతుంది కదా, వణకదా?

చెవికి పెట్టుకున్నాను. ముందు ఊపిరి... తర్వాత దగ్గు. అదే దగ్గు. గరగర... గరగర...

"ఎవలు?" అన్నాను.

"సలి..." అంది ఆ గొంతు. "సలి పెడ్తాంది..."

"ఎవలంటే!"

"తలుపు..." మళ్లీ దగ్గు. "తలుపు తియ్యి..."

టక్. కట్టయింది.

నేను చెప్పనే లేదు — నా ముఖం చూసి హమాలీలు తువ్వాళ్లు భుజాన వేసుకున్నారు. ఒకడు అప్పటికే రోడ్డెక్కాడు. బయట లారీ డ్రైవరు సంగతి విని ఇంజను స్టార్ట్ చేశాడు. అయిపోయింది... శేఖర్ సీజను అయిపోయింది.

"ఆగుండ్రి!" అని ఒక్క కేక పెట్టాను. నా కేకకు లారీ ఇంజను బందయింది. డ్రైవరు తాళంచెవి తిప్పాడని కొందరంటారు. తిప్పే ఉంటాడు, కేక విన్నాకే కదా!

"సేటే చాచా," అన్నాడు అబ్బాస్. రిసీవర్లోంచి వచ్చిన గొంతు వాడికీ, మొగిలమ్మకూ వినిపించింది. "ఇరవై ఏండ్లు తిట్లు తిన్న. ఆ గొంతు గుర్తుపట్టనా?"

మొగిలమ్మ వేలు నోట్లో పెట్టుకుని ఆలోచిస్తోంది. వేలు తీసి మెల్లగా అంది —

"గొంతు సేటుదే. మాట సేటుది గాదు."

"అంటే?"

"తలుపు తియ్యిమన్నడు గదా? సేటు జిందగిల ఒక్కనాడన్న తియ్యిమన్నడా? ఎయ్యి, ఎయ్యి అనే గద మొత్తుకున్నది! సచ్చినంతమాత్రాన అలవాటు పోతదా?"

భుజాన వేసుకున్న తువ్వాళ్లు హమాలీల చేతుల్లోకి దిగాయి.

"అవుగని..." అంది మొగిలమ్మ, గొంతు ఇంకా తగ్గించి. "శేఖర్ ఏడి?"

లారీ దగ్గర లేడు. వచ్చి మాట్లాడనే లేదన్నాడు డ్రైవరు. సెల్లుకు చేస్తే కవరేజీలో లేదు. మూలకు పెట్టిన కొత్త ఫోను వైపు చూశాను... అక్కడ ఖాళీ అట్టపెట్టె ఉంది.

ఉరికాం. అంత దూరం నేను రెండంగల్లో దాటాను. నాలుగో ఛాంబరు తలుపు గట్టిగా పడి ఉంది. కొండిని ఇలా పట్టి, అలా ఒక్క గుంజు గుంజాను. వెనక నుంచి అబ్బాసూ ఆరుగురు హమాలీలూ కూడా చెయ్యి వేశారు, కాదనను. తలుపు కిర్రుమంది.

తెల్లటి పొగలాగా చలి... దాని వెనక ఘాటు... దాని వెనక, నెత్తి మీద గోనెసంచి కప్పుకుని, కళ్లు నిప్పుల్లా ఎర్రబడి, అడుగులో అడుగు వేసుకుంటూ ఒక ఆకారం!

హమాలీలు నన్ను ముందుకు తోసి నా వెనక దాక్కున్నారు.

"మామా..." అంది ఆకారం, పళ్లు టకటకలాడిస్తూ. "ఇంత సేపా?"

శేఖరే.

పిల్లవాణ్ణి ఆఫీసులోకి మోసుకొచ్చి, కంబళి కప్పి, వేడి వేడి చాయ్ తాగించాం. మొగిలమ్మ అరికాళ్లు రుద్దింది. రుద్దుతూనే తిట్టింది. "ఒక్కనివే ఎందుకు పోయినవ్ బిడ్డా? మాతోని చెప్తే నోరు పడిపోతదా?"

"అందరి ముంగట నేనే భయపడితే హమాలీలు వస్తరా అత్తా? సప్పుడు చెయ్యకుండ ఫోను తగిలించి వద్దామనుకున్న. తగిలించిన. తిరిగి చూస్తే తలుపు పడ్డది. లోపలి గుబ్బ తుప్పు పట్టి తిరుగుతలేదు. సెల్లు చీకట్ల యాడనో పడ్డది. అరిచి అరిచి గొంతు పోయింది."

ఇక ముడులన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. ఘాటుకు బొంగురుపోతే కొడుకు గొంతు తండ్రి గొంతే, రక్తం ఎక్కడికి పోతుంది? తలుపు మూసుకోవడానికి కారణం, గడప దగ్గర నేల కుంగడం. ఎవరూ లేనప్పటి దగ్గు... ఛాంబరును చల్లబరిచే పాత మోటారు స్టార్టయ్యే సప్పుడు. మరి పేరు?

"కనెక్షన్ ఇంక బాపు పేరు మీదనే ఉన్నది మామా," అన్నాడు శేఖర్.

మన దిక్కు అంతే. మనిషి పోతాడు గాని మీటరు పోదు, నల్లా పోదు, ఫోను పోదు. అన్నీ ఆయన పేరు మీదనే ఊపిరి పీలుస్తుంటాయి.

అబ్బాస్ పగలబడి నవ్వాడు. హమాలీలు నవ్వారు. తువ్వాళ్లు తలకు చుట్టుకున్నారు, లారీకి బస్తాలెక్కించడానికి. నేను పనితనం చూపించుకోవాలి కదా, శేఖర్ను అడిగాను —

"నువ్వు ఫోను ఎత్తినవ్ గదా. ఎత్తినంక ఎంతసేపటికి నా గొంతు వినొచ్చింది?"

శేఖర్ చాయ్ గ్లాసు దించాడు.

"నేనేడ చేసిన మామా? తగిలించినప్పుడే ఎత్తి చూసిన, సప్పుడే లేదు. మీ పని కాలేదనుకున్న. చానసేపటికి అదే మోగింది. చీకట్ల ఆ సప్పుడు పట్టుకుని తడుముకుంట పోయి ఎత్తిన. మీరే గదా చేసింది?"

అబ్బాస్ ఆఫీసు ఫోను వైపు చూశాడు.

"మేం చెయ్యలే..." అన్నాడు అబ్బాస్. "ఈడ గూడ మోగితేనే ఎత్తినం."

లోపల మోగింది. ఇక్కడా మోగింది. మరి చేసిందెవరు...?

తలకు చుట్టిన తువ్వాళ్లు మళ్లీ విప్పుకుంటున్నారు హమాలీలు. అబ్బాస్ నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చాచా, ఖుదా కసమ్, నిజం చెప్పు. నీ సెట్టింగుల తప్పున్నదా... లేకపోతే ఫోన్లు కలిపింది సేటేనా?"

అందరి కళ్లూ నా మీదే. శేఖర్ కళ్లు మరీ. సెట్టింగు తప్పని ఒక్క మాట అంటే దయ్యం లేదన్నట్టే, లారీ నిండుతుందన్నట్టే. తెలుసు నాకు. నోరు తెరిచాను కూడా. కానీ రామలింగం కలిపిన లైను తప్పింది అన్న మాట ఈ జిల్లాలో ఇంతవరకు పుట్టలేదే... దాన్ని నా నోటితో నేనే ఎట్లా కనాలి?

"సెట్టింగుల తప్పే లేదు," అన్నాను. "సేటే."

శేఖర్ తల వాలిపోయింది.

మొగిలమ్మ లేచి కొంగు బిగించింది. "మంచిగైంది. పాండ్రి."

"ఎటు?" అన్నాడు అబ్బాస్.

"లోపలికి! సేటైతే ఏం ఫికర్? కొడుకు సలికి సస్తాండని రెండు దిక్కులా ఫోను కొట్టినోడు మనల్ని పీక్క తింటడా? ఈ అన్న సెట్టింగు తప్పైతేనే భయం. లోపల ఇరుక్కున్ననాడు ఫోను పోతదో, పోదో!"

అబ్బాస్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నాలుగో ఛాంబరు వాకిట్లోకి పోయి, తలుపుకు ఒక మొద్దు అడ్డం పెట్టి, చీకట్లోకి చెయ్యెత్తి సలాం చేశాడు.

"సేటూ, వస్తానం. జర ఇయ్యాల ఒక్కనాడు తలుపు గురించి ఒర్రకు."

ఆ రాత్రి బస్తాలు నడిచినట్టు ఎన్నడూ నడవలేదు. తూర్పు తెల్లబడకముందే లారీ నిండుగా బరువుగా రోడ్డెక్కింది. శేఖర్ దాని వెనక గేటు దాటి పరుగెత్తి, ఊరికే ఆ లారీని చేత్తో తట్టి వచ్చాడు.

నేను ఆఫీసులోకి వచ్చాను, లాప్‌టాప్ మూద్దామని. గళ్లన్నీ నేను నింపినట్టే ఉన్నాయి. వాటి కింద ఒక మాట వెలుగుతోంది.

మార్పులు ఇంకా సేవ్ కాలేదు. సేవ్ చేయమంటారా?

పైన చూశాను. ఒకటో ఫోను — ఆన్. రెండో ఫోను...

ఆఫ్.

నాలుగో ఛాంబరులోకి పోయి గోడమీది ఫోను ఎత్తి చెవికి పెట్టుకున్నాను. టోన్ లేదు. గరగర కూడా లేదు. వట్టి చలి... చెవిలోకి. ఒంట్లో సర్రుమన్నది ఆ చలే, వేరే ఏం లేదు.

మెల్లగా వెనక్కి వచ్చి సేవ్ నొక్కాను. అప్పుడు వచ్చింది టోన్.

నమ్మనివాళ్లు నమ్మకండి. కానీ ఒక్క మాటకు జవాబు చెప్పండి. సేవ్ నొక్కకముందే మాట్లాడే లైను — రామలింగం తప్ప, ఈ జిల్లాలో ఇంకెవడన్నా వేశాడా?