పుస్తకంలో లేని వంటవాడు

తిరువాలంగాడు స్టేషన్‌లో బండి ఆగేది ఒక్క నిమిషం. ఎక్కేవాళ్లందరూ ఎక్కేశారు. బండి కదిలింది. అప్పుడు, ఒక చేతిలో టిఫిన్ బ్యాగు, ఇంకో చేతిలో తెగిన చెప్పు పట్టుకుని ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఎక్కేసింది.

ఊపిరి తీసుకుంది. చెమట తుడుచుకుంది. తల ఎత్తి, కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటున్న తణికాచలం చేతిలోని పుస్తకం అట్ట బొమ్మ గుర్తుపట్టి, దానికి వేలు చూపించింది.

"అది నాది!"

తణికాచలం పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. జిల్లా గ్రంథాలయం ముద్ర ఉంది.

"గవర్నమెంటుది" అన్నాడు.

"నెల దినాలుగా వెతకతా ఉండాను. ఉండేదే ఒక కాపీ. ఎవురో తీసకపోయినారు అంటారు గానీ ఎవురని చెప్పరు. నువ్వేనా అన్నా?"

ఆ 'అన్నా' తణికాచలానికి ఎందుకో నచ్చలేదు.

"ఇది తెలుగు పుస్తకం. చదివేది వచ్చునా?"

"మాట్లాడేది వచ్చు."

"మాట్లాడితే పుస్తకం పలకదే!"

ఎదురు సీట్లో పూలు కడుతున్న ఆమె కిసుక్కున నవ్వింది. అమ్మాయి ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చుంది, వదిలేది లేదన్నట్టు.

ఆమె పేరు యువరాణి. తిరువళ్లూరులో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. అందుకే తెలుగు నోటికి వచ్చినంత కంటికి రాదు. ఇక ఆ పుస్తకం ఒక బెంగాలీ నర్సు రాసుకున్న డైరీ. పందొమ్మిది వందల నలభై రెండులో రంగూన్ మీద జపాన్ బాంబులు వేస్తున్నప్పుడు, లక్షలమంది మనవాళ్లు అడవులు, కొండలు దాటుకుంటూ అస్సాం వైపు నడిచారు. ఆ దారిలోని ఒక క్యాంపులో ఆమె పని చేసింది. ఎవరో ఓపికగా దాన్ని తెలుగులోకి తెచ్చారు. అరవంలో లేదు.

"మా అవ్వ ఆ దోవనే నడిచొచ్చింది. నడిచొచ్చింది అంటే, వాళ్లమ్మ చంకలో. మూడేండ్ల పాపంట" అంది యువరాణి. "ఇంట్లో ఎవురినడిగినా 'బర్మా నుంచి వచ్చినాము' అంటారు. అంతే, ఫుల్ స్టాప్. నేను చదివిన హిస్టరీ బుక్కులో ఆ ఒక్క మాట కూడా కనబడలా. లైబ్రరీలో వాసగర్ వట్టం నడుస్తాది చూడు, పుస్తకాలు చదివేవాళ్ల మీటింగు. రెండు నెలలకి నేను మాట్లాడతానని పేరు ఇచ్చేసినా. టాపిక్కు, ట్రాన్స్‌లేషన్‌లో మన చరిత్ర."

"పుస్తకం చదవకుండానే పేరు ఇచ్చేసినావా?"

"ధైర్యం!"

తణికాచలం కాసేపు ఆలోచించినట్టు నటించాడు. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. అతనిది తిరుత్తణి దగ్గర సరిహద్దు పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు తిరువళ్లూరు అవతల కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. రోజూ ఇదే బండి.

"ఈడి నుంచి తిరువళ్లూరు దాకా అర్ధగంట. దినామూ నేను చదవతా, నువ్వు విను. సరేనా?"

"సరే. నీ పేరేమి?"

"తణికాచలం."

"అయ్యో కడవులే! అరవై ఏండ్ల తాత పేరు."

"నీ పేరు?"

"యువరాణి."

"రాజ్యం యాడ?"

"తిరువాలంగాడులో. మూడెకరాలు. సెనక్కాయ వేసుండారు."

* * *

మొదటి నాలుగు రోజులు అతను పద్ధతిగా చదివాడు. బియ్యం లేని క్యాంపు, మలేరియా, ఎడతెగని వాన, వానలో నిలబడి క్వినైన్ పంచే నర్సు. యువరాణి నోట్‌బుక్‌లో అరవంలో రాసుకునేది. మధ్యలో ఆపి అడిగేది.

"ఆ అక్షరమేమి, అట్ల మెలికలు తిరిగుండాది?"

"ఘ."

"అరవంలో ఒక్క 'క'తో సంసారం నడిచిపోతాది. మీకు నాలుగు ఎందుకు?"

"మేము కాస్త వసతి ఉండేవాళ్లం."

ఐదో రోజు ఎనభై నాలుగో పేజీ దగ్గర అతని గొంతు ఆగింది. ఎదురుగా టిఫిన్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని, కళ్లు విప్పార్చి వింటోంది యువరాణి.

"ఏమాయె?"

"ఏమీ లేదు. అచ్చు సరిగా పడలేదు" అని, పేజీ మీద వేలు అట్లాగే ఉంచి, అందులో లేని మాటలు చదవడం మొదలుపెట్టాడు. "ఆ దినం క్యాంపుకు కొత్త వంటవాడు వచ్చాడు. పేరు ఎలుమలై. తిరుత్తణి పక్కన పల్లె."

"మన పక్కోడా!" యువరాణి సీట్లోంచి సగం లేచింది. "ఆ బెంగాలీ ఆమె తిరుత్తణి అని రాసిందా?"

"అచ్చులో ఉండాది మరి."

ఒకసారి వచ్చిన ఎలుమలై ఇక పోలేదు. రోగులు క్వినైన్ తాగం అని మొండికేస్తే "మందని చెప్పొద్దమ్మా, మిరియాల రసమని చెప్పండి" అని నర్సుకు ఉపాయం చెప్పాడు. రసానికి మిరియాలు దొరక్కపోతే క్వినైనే కలిపేశాడు. నర్సు గరిటె పట్టుకుని తరిమింది. యువరాణి నవ్వుకు పూలామె మూరల లెక్క తప్పింది. రోజూ బండి ఎక్కడంతోనే అదే ప్రశ్న.

"ఈ దినం ఎలుమలై ఏమి చేసినాడు?"

తిరుత్తణి నుంచి తిరువాలంగాడు వచ్చేలోపు ఎలుమలై ఏదో ఒకటి చేసి తీరాల్సి వచ్చేది.

"ఆ నర్సు ఎప్పుడూ లేటు. చెప్పు చేత్తో పట్టుకుని పరుగెత్తేది" అని చదివాడు ఒకరోజు.

యువరాణి కళ్లు చిన్నవయ్యాయి. "ఆ నర్సు కూడానా?"

"ఆ కాలం చెప్పులంతే. శానా తెగేవి."

ఒక సాయంత్రం ఇద్దరికీ తిరుగు బండి కూడా ఒకటే అయింది. కడంబత్తూరు దాటగానే వాన పట్టుకుంది. కిటికీ షట్టర్ దిగనంది. "గవర్నమెంటుది తడవకూడదు" అని యువరాణి పుస్తకం మీద చున్నీ కప్పింది. చున్నీ కింద పుస్తకం, పుస్తకానికి అటొకటి ఇటొకటి రెండు తలలు. వాన తలకో సగం తడిపింది. ఆ రోజు తణికాచలం చదివింది ఏమిటో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. మరుసటి రోజు నుంచి ఆమె 'అన్నా' అనడం మానేసింది. అతను గమనించాడు. గమనించనట్టు పేజీ తిప్పాడు.

అసలు పుస్తకం ఎప్పుడో అయిపోయింది. అతను రెండుసార్లు రెన్యూ చేయించి, పేజీలు వెనక్కి తిప్పుకుంటూ ఎలుమలైని నడిపిస్తున్నాడు.

* * *

"ఆదివారం లైబ్రరీ మీటింగుకి నువ్వు తప్పకుండా రావాల. ఏమి మాట్లాడతానో ముందు చెప్పను" అంది యువరాణి.

తణికాచలం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాడు. నలభై మంది దాకా ఉన్నారు. యువరాణి నీలం చీర కట్టుకొచ్చింది. పావుగంట సేపు రంగూన్ గురించి, ఆ దారి గురించి అరవంలో చక్కగా చెప్పింది. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టింది.

"ఈ పుస్తకంలో నాకు అందరికన్నా నచ్చిన మనిషి ఒక వంటవాడు. మన తిరుత్తణి వాడు."

తణికాచలం కుర్చీలో కిందికి జారాడు.

ఆమె ఎలుమలైని, చెప్పు తెగిన నర్సును అతనికన్నా బాగా చెప్పింది. జనం పడీపడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు. పెద్ద పెద్ద చరిత్రల్లో చోటు దొరకని వంటవాడికి ఒక నర్సు డైరీలో చోటు దొరికిందని ఆమె ముగించగానే, ముందు వరుసలోంచి రత్నస్వామి లేచారు. చరిత్ర మాస్టారుగా రిటైరైన మనిషి. తెలుగు, అరవం రెండూ చదివినవారు.

"బాగా చెప్పినావమ్మా. అయితే ఆ పుస్తకం నేను తెలుగులో రెండు తూర్లు చదివినా. వంటవాడెవురూ లేడే?"

"ఉండాడు సార్. ఎనభై నాలుగో పేజీ. నోట్ చేసుకున్నా" అని యువరాణి నిబ్బరంగా వెనక వరుసకు చూసింది. "నాకు చదివి వినిపించిన ఆయన ఆడ ఉండారు. తణికాచలం, కొంచెం చదివి చూపించు."

మైకు చేతులు మారుతూ అతని దగ్గరికి వచ్చింది. యువరాణి దగ్గరున్న పుస్తకం కూడా వచ్చింది. వేరే ముద్రణ అని చెప్పవచ్చు, పేజీ చిరిగిందని చెప్పవచ్చు. నోటికి నాలుగైదు అబద్ధాలు వచ్చాయి కూడా. యువరాణి ముఖంలో మాత్రం అనుమానం అన్నదే లేదు. అది చూశాక ఒక్క అబద్ధమూ పెదవి దాటలేదు.

"వంటవాడు లేడు సార్" అన్నాడు. "నేనే కల్పించినా. ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. నమ్మింది, అంతే."

అదే వరుసలోంచి ఎవరో అడిగారు. "అట్లయితే ఆ చెప్పు తెగిన నర్సు ఎవురు తంబీ?"

హాలంతా గొల్లుమంది. యువరాణి కాగితాలు మడిచి, "మన్నించండి" అని ఒక్క మాట చెప్పి బయటికి నడిచింది. ఆమె చెవులు ఎర్రబడడం వెనక వరుసకు కూడా కనిపించింది.

* * *

మరుసటి రోజు నుంచి ఆమె ఆడవాళ్ల పెట్టెలో ఎక్కసాగింది. తణికాచలానికి ప్లాట్‌ఫాం మీద ఆమె పరుగు మాత్రం కనిపించేది. వెంటపడలేదు, ఆ అర్హత పోగొట్టుకున్నానని అతనికి తెలుసు. పుస్తకం గ్రంథాలయంలో తిరిగి ఇచ్చేశాడు. పూలామె రెండు రోజులు చూసి, "ఏమయ్యా, మీ ఎలుమలై సచ్చిపోయినాడా?" అని అడిగింది. "నేనే సంపేసినాను అక్కా" అన్నాడు.

నాలుగో వారం, సోమవారం. యువరాణి అతని పెట్టెలోకే ఎక్కింది. ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి అదే పుస్తకం తీసి, ఎనభై నాలుగో పేజీ తెరిచి, అక్షరం అక్షరం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. "దా... రి... ప... క్క... న."

ఒక్క పేరా చదివేసరికి కడంబత్తూరు వచ్చింది.

'దారి పక్కన పిల్లలు కూర్చుని ఉన్నారు. మోయలేని తల్లులు వాళ్లను అక్కడ దింపి, వెనక వచ్చేవాళ్లు ఎత్తుకుంటారని ముందుకు వెళ్లారు. నేను ఎత్తుకోగలిగిన వాళ్లను ఎత్తుకొచ్చాను. మిగతావాళ్లు నా వైపు చూడనట్టు కూర్చున్నారు.'

పుస్తకం మూసింది.

"తెలుగు ఎట్ల నేర్చుకున్నావు?" అన్నాడు అతను, ఇంకేమనాలో తెలియక.

"ఫోన్లో యాప్. ఆంధ్రా బస్సుల బోర్డులు. దాన్ని వదిలెయ్. ఇది దాటేసి నాకు రసం కత చెప్పినావు. ఎందుకు?"

"మీ అవ్వ మూడేండ్ల పాప అన్నావు కదా. నీ మొగం చూస్తే నోరు రాలేదు."

"సరే, నా కోసం భయపడితివి. నేను వినాల్నా వద్దా అని తీర్మానం చేసేది నువ్వా?" ఆమె పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. "నలభై మంది నవ్వినారు, అది మూడు దినాల్లో మరిచిపోయినా. ఇది మరవలేదు. మా ఇంట్లో ఒక్క మాటతో నోరు మూసినారు. నువ్వు రసం పోసి మూసినావు. ఏమి తేడా?"

"తేడా లేదు. తప్పే" అన్నాడు. "మొదటి దినం భయపడి చెప్పినా. తర్వాత నువ్వు నవ్వతావని చెప్పినా. నిలపాలంటే నాకు చేత కాలేదు."

యువరాణి నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. పూలామె తల వంచుకుని మరీ శ్రద్ధగా పూలు కట్టసాగింది.

"ఆదివారం ఇంటికి రా" అంది చివరికి. "మా అవ్వకి చదవాల. ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట దాటకూడదు. నేనే చదివితే పుస్తకం అయ్యేలోపు అవ్వకి నూరేండ్లు నిండిపోతాయి."

* * *

యువరాణి నాయన నటరాజు వసారాలో మంచం మీద కూర్చుని, వచ్చిన వాడిని చెప్పుల నుంచి క్రాపు దాకా చూశాడు. "చదివేదానికి వచ్చిన వాడివి నువ్వేనా?" అన్నాడు. కూర్చోమని మాత్రం అనలేదు. కూర్చోమన్నది అవ్వ కన్నమ్మ.

తణికాచలం చదివాడు. ఎనభై నాలుగో పేజీ దగ్గర ఆగి, నీళ్లు తాగి మళ్లీ చదివాడు. ఒక్క మాట దాటలేదు.

"నన్ను కూడా దింపిందంట మా అమ్మ" అంది కన్నమ్మ మెల్లగా. "నూరు అడుగులు పోయి, తిరిగొచ్చి ఎత్తుకుందంట. సచ్చేదాకా ఆ నూరు అడుగులకి ఏడ్చింది. ఎత్తుకుంటివి కదమ్మా అంటే వినేది కాదు."

నటరాజు మంచం దిగి వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. "నాకు ఏనాడూ చెప్పలేదే?"

"నువ్వు ఏనాడు ఇట్ల కూర్చుంటివి?"

యువరాణి అవ్వ చెయ్యి పట్టుకుంది. అవ్వ ఆ చేతిని కళ్లకు అద్దుకుని, ముక్కు తుడుచుకుని, తణికాచలం వైపు తిరిగింది.

"వంటవాడెవురో ఉండాడంట కదా. ఆ కత కూడా చెప్పు."

అతను భయంగా యువరాణిని చూశాడు.

"చెప్పు" అంది ఆమె. "పుస్తకం మూసి పక్కన పెట్టి చెప్పు."

చెప్పాడు. క్వినైన్ రసం దగ్గర కన్నమ్మకు నవ్వాగలేదు. నటరాజు నవ్వకూడదని గట్టిగా అనుకుని, గరిటె దగ్గర ఓడిపోయాడు.

లేచి బయలుదేరుతుంటే కన్నమ్మ పిలిచింది. "వచ్చే ఆదివారం రాప్పా. మీ అమ్మని పిలుచుకొని రా."

"మా అమ్మకి పుస్తకాలంటే అంత ఇది లేదవ్వా."

"పుస్తకానికి కాదురా!"

తణికాచలం చేతిలోని పుస్తకం జారి కింద పడింది. యువరాణి ఖాళీ లోటాలన్నీ ఒక్కసారిగా ఎత్తుకుని వంటింట్లోకి మాయమైంది. లోపల ఏదో దొర్లిన చప్పుడు. నటరాజు గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"మీ అమ్మగారు స్టేషన్ నుంచి నడవద్దు. నేను బండి తీసుకొస్తా. ఏ ట్రైనుకి వస్తారు?"

తణికాచలం వంగి పుస్తకం తీసుకున్నాడు. జవాబు వంటింట్లోంచి వచ్చింది.

"పదిన్నర బండికి నాయినా!"