భయం మోసే హక్కు

ఇరవై రెండో శతాబ్దం గుమ్మం దాకా వచ్చేసరికి లోకం తీరు ఇలా తయారైంది. పంటి డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చున్నవాళ్లు కూనిరాగాలు తీస్తుంటే, బయట బల్ల మీద వాళ్ల మొగుళ్లో పెళ్లాలో చెమటలు కక్కుతూ ఉండేవారు. విమానం ఎక్కేది ఒకరు, ఇంట్లో సోఫా అంచు పట్టుకుని వణికేది ఇంకొకరు. భీమిలిలో దీన్నెవరూ వింతగా చూసేవారు కాదు. భయవాహినిని కనిపెట్టిన డాక్టర్ నీరద ఉండేది ఆ ఊళ్లోనే.

భయవాహిని అంటే రెండు పట్టీలు. ఒకటి భయపడేవాళ్ల మెడ వెనక అంటించాలి, రెండోది మోసేవాళ్ల మణికట్టుకి కట్టాలి. మెదడు లోపల ఎమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంటుంది. అక్కడ భయం పుట్టీపుట్టగానే మెడ పట్టీ ఆ విద్యుత్ స్పందనని పట్టుకుని, రేడియో తరంగంగా మార్చి మణికట్టు పట్టీకి పంపేస్తుంది. అంతకుముందు మందులతో భయాన్ని అణిచేవారు, అణిచిందల్లా రెట్టింపై తిరిగొచ్చేది. భయం ఎవరో ఒకరి ఒంట్లో గుండెదడగానో చెమటగానో ఖర్చయిపోవలసిందే తప్ప ఊరికే మాయం కాదని నీరద తేల్చింది. మోసేవాళ్లకి తమకేమీ కాదని తెలుసు కనుక వాళ్ల ఒంట్లో అది ఇట్టే చల్లారిపోతుంది. ఈ పనికి భయవహనం అని ఆమే పేరు పెట్టింది.

అంతటి మనిషి ఇప్పుడు సొంత ఇంట్లో, వంటగది గుమ్మంలో నిలబడి, కట్టుకున్న మొగుణ్ణి చూసి కుళ్లిపోతోంది.

హాల్లో ఫణీంద్ర గుండెల మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని పడుకున్నాడు. పదేళ్ల కూతురు ప్రణవి అతని నుదురు నిమురుతోంది.

"చాలా వచ్చిందా నాన్నా?"

"లెక్కల నమూనా పేపరుకి కాస్త గట్టిగానే వచ్చిందమ్మా. పర్లేదు, నువ్వు చదువుకో."

"మజ్జిగ తేనా?"

"నిమ్మకాయ నీళ్లు కలిపి తే తల్లీ. గుండె ఇంకా దడదడలాడుతోంది."

ప్రణవి వంటగదిలోకి పరుగెత్తుకొచ్చి, అడ్డంగా ఉన్న అమ్మని తప్పుకుని వెళ్లి, ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తీసుకుని మళ్లీ పరుగెత్తింది. అమ్మ ముఖం వంక చూడనైనా లేదు.

పరీక్షలంటే హడలిపోయే పిల్ల ప్రణవి. అంతరిక్ష విద్య నేర్పే కొండ మీది వ్యోమ గురుకులంలో సీటు కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలొస్తారు, తీసుకునేది గుప్పెడు మందినే. ప్రణవికి తెలివికేం లోటు లేదు. ప్రశ్నపత్రం కనబడితే చాలు, చేతులు చల్లబడిపోయి వచ్చిన జవాబు కూడా మర్చిపోయేది. నమూనా పరీక్ష రాసొచ్చి వాంతి చేసుకునేది. అప్పుడల్లా ఏడుస్తూ వచ్చి వాలింది అమ్మ ఒళ్లోనే, నాన్న ఉన్నాడన్న సంగతే దానికి గుర్తుండేది కాదు. అందుకే పిల్ల మెడకి పట్టీ అంటించగానే రెండోది నీరద తన చేతికే కట్టుకోబోయింది.

"మీకు కుదరదు మేడమ్," అంది ప్రయోగశాలలో తోటి శాస్త్రవేత్త సలోమి, తెర వంక చూస్తూ. "పాప భయం మీకొస్తోంది, మీ భయం పాపకి పోతోంది. ప్రతిధ్వని దోషం. అసలు పాపకంటే మీకే ఎక్కువ భయంగా ఉంది."

"తల్లిని సలోమీ. ఉండదా మరి?"

"ఉంటుంది మేడమ్. అందుకే సార్‌ని పిలిపించండి." సలోమి నవ్వాపుకుంది. "ఆయనకి ఈ పరీక్ష ఏ నెలలోనో కూడా తెలీదు."

ఫణీంద్రకి చక్కగా కుదిరింది. ఆ రోజు నుంచీ ఇంట్లో నాన్న జపమే. నాన్నకి దిండు, నాన్నకి నీళ్లు, నాన్న పడుకున్నాడు టీవీ తగ్గించు. కనిపెట్టింది తాను, కన్నది తాను, సేవలు మాత్రం ఆయనకి. ఉక్రోషం పట్టలేక నీరద తన భయం వెనక్కి పోకుండా ఆపే ఏకముఖ కవాటం తయారుచేసే పనిలో పడింది.

"పాపకి బాగానే ఉంది కదా మేడమ్, ఇప్పుడిదెందుకు?" అనడిగింది సలోమి.

"శాస్త్రం అక్కడే ఆగిపోవాలా ఏంటి?" అని కసిరింది నీరద.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున రాతపరీక్ష, మధ్యాహ్నం నోటి పరీక్ష. రాతపరీక్షకి పట్టీలుండొచ్చు, నోటి పరీక్షకి మాత్రం తీసేయాలని గురుకులం నియమం. పిల్లలు లోపలికి వెళ్లాక పెద్దవాళ్లంతా తోటలో బల్లల మీద సర్దుకున్నారు.

"ఈ ఒక్కరోజూ నేను మోస్తానండీ. ఇలా ఇవ్వండి," అంది నీరద.

"ఎందుకు నీరదా? అలవాటు పడ్డ ఒళ్లు నాది."

"కవాటం పెట్టాను. నా భయం దానికి పోదు."

"వద్దులే. నువ్వు తట్టుకోలేవు."

ఆ మాటతో నీరదకి అరికాలి మంట నెత్తికెక్కింది. అతని చెయ్యి పట్టుకుని పట్టీ ఊడబెరికి తన మణికట్టుకి కట్టేసుకుంది. ఫణీంద్ర ముఖం పాలిపోయింది.

గంట మోగింది. చుట్టుపక్కల బల్లల మీద అప్పుడే ఒకాయన పళ్లు కొరుకుతున్నాడు, ఒకావిడ కొంగుతో మెడ తుడుచుకుంటోంది. నీరద కూడా బల్ల అంచు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని సిద్ధంగా కూర్చుంది. ఏమీ రాలేదు. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు.

ఉండబట్టలేక, పట్టీలో అమర్చిన మాట్లాడే యంత్రాన్ని అడిగింది. "పనిచేస్తున్నావా?"

"చేస్తున్నాను డాక్టర్."

"మరి ఏమీ రావడం లేదే?"

"రావడానికి లేదు. పాప నిబ్బరంగా రాస్తోంది."

"ఇవాళే ఇలా ఉందా?"

"కాదు డాక్టర్. నా ద్వారా భయం వెళ్లి నెల దాటింది."

నీరద మొగుడి వైపు తిరిగింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"నెల దాటిందట. మరి ఆ గుండెదడ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"మొదట్లో నిజంగానే వచ్చేది," అన్నాడు ఫణీంద్ర గొంతు తగ్గించి. "తర్వాత్తర్వాత దానికి ధైర్యం వచ్చేసింది. చెబుదామనే అనుకున్నాను. అది తల నిమురుతుంటే చెప్పబుద్ధి కాలేదు. పుట్టాక అది నాకోసం పరుగెత్తడం ఇదే మొదలు నీరదా."

"సిగ్గు లేకుండా నిమ్మకాయ నీళ్లు కూడా తాగారు."

నీరదకి ప్రాణం లేచొచ్చినట్టయింది. దొంగ దొరికాడు. పైగా తన యంత్రం భయాన్ని మోయడమే కాకుండా మాన్పగలదని కూడా తేలిపోయింది. పిల్ల రాగానే, నీకు భయమే లేదే తల్లీ, నెలనాళ్లుగా లేదు అని చెప్పేయాలనుకుంది.

రాతపరీక్ష అయిపోయింది. ప్రణవి నవ్వుకుంటూ తోటలోకి వచ్చి, అలవాటుగా నాన్న వైపు వెళ్లబోయి, అమ్మ మణికట్టు చూసి ఆగింది.

"ఇవాళ నువ్వు కట్టుకున్నావా అమ్మా?"

గబగబా వచ్చి పక్కన కూర్చుంది. నీరద నుదుటి మీద చెయ్యి వేసి, జుట్టు పైకి తోసి, మెల్లిగా నిమరసాగింది.

"చాలా వచ్చిందా?"

ఎన్నాళ్లయింది ఆ చెయ్యి తగిలి. చెప్పాల్సిన మాట నీరద నాలిక చివరిదాకా వచ్చింది.

"చాలా వచ్చింది తల్లీ," అంది. "నాన్నకి వచ్చేదానికంటే ఎక్కువే వచ్చుంటుంది."

నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను బాగా రాశాననుకున్నానే. లోపల అంత భయపడ్డానా?" ప్రణవి మెడ మీది పట్టీ తడుముకుంది. "నోటి పరీక్షకి పట్టీ తీసేస్తారు కదమ్మా. అప్పుడు అదంతా నాకే వచ్చేస్తుందా?"

పట్టీ ఒక్కసారి అదిరింది. నీరద గుండె గొంతులోకి వచ్చింది, అరచేతులు మంచులా చల్లబడ్డాయి. ఇది అసలు భయం, అప్పుడే పుట్టిన భయం. పుట్టించింది ఎవరో ఆమెకి తెలుసు. అయినా ఆ దడలో ఆమెకి చెప్పలేనంత సంతోషంగా ఉంది.

"నీరదా, చెప్పు దానికి," అన్నాడు ఫణీంద్ర.

"మీరే చెప్పండి," అంది నీరద అతని కళ్లలోకి చూస్తూ. "మొదట్నుంచీ చెప్పండి."

అతను కూతురి వంక చూశాడు, నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

గురుకులం సిబ్బందిలో ఒకావిడ వచ్చి ప్రణవి మెడ మీది పట్టీ తీసి పెట్టెలో వేసుకుంది. నీరద ఒంట్లో దడ టక్కున ఆగిపోయింది. పిల్ల రెండు చేతులతోనూ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మా, కడుపులో తిప్పుతోంది. తలుపు దాకా నువ్వు రా. నాన్న వద్దు, నువ్వే రా."

"వస్తాను తల్లీ. నేనుండగా నీకేం?"

తోట దాటి తలుపు దాకా మెల్లిగా నడిచారు. ఒక్క మాట చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. పిల్ల వేళ్లు నొప్పి పుట్టేలా బిగుసుకుంటున్నాయి. నీరద ఏమీ చెప్పకుండా ఆ చేతిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.