సబ్జెక్ట్ లైన్‌లో బాంబు

"ఏం చెప్పాలన్నా సబ్జెక్ట్ లైన్‌లోనే చెప్పెయ్. మెయిల్ తెరిచామంటే ఇక్కడ తెల్లారిపోతుంది," అన్నారు పెద్దాయన. మిషన్ బ్రీఫింగ్ అంతటితో అయిపోయింది.

ఆ గూఢచారి సంస్థది చాలీచాలని బడ్జెట్. ఉన్నదల్లా పెద్దాయన ఇంటి ముందు గది, ఒక ఫోన్ లైన్, అందరికీ కలిపి ఒకే మెయిల్ బాక్స్. ఏజెంట్లు ఏ దేశంలో ఉన్నా అందులోకే లాగిన్ అవ్వాలి. ఒకరు మెయిల్ దించుకుంటుంటే ఇంకొకరికి అది తెరుచుకోదు. లైన్‌ది నత్తనడక. అందుకని ముందు సబ్జెక్టులు మాత్రమే వస్తాయి. బరువైన మెయిల్ కనిపిస్తే తెరవకుండా చెరిపేయాలన్నది రూలు.

ఇప్పుడు ఏజెంట్ పిచ్చుక పరాయి ఊళ్ళో, కర్టెన్లు కుట్టే మనిషి వేషంలో, శత్రు ముఠాకు దొరికిపోయి కూర్చుంది. ఎదురుగా నెమలి. నిన్నటిదాకా తోటి ఏజెంట్, ఇవాళ ఆ ముఠా మనిషి. ఒంటి మీద సిల్కు గౌను, చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

పన్నెండింటికి శాస్త్రవేత్తల పడవ బయల్దేరుతుంది. ఇంజన్ కింద బాంబు. ఆ పడవ నడిపేది పిచ్చుక తమ్ముడు. దొరికే ముందు ల్యాప్‌టాప్‌లో ఆమె ఒక్క లైను పంపగలిగింది: పడవలో బాంబు, ఆపండి.

"పంపుకున్నావుగా, సంతోషించు," అంది నెమలి. "అంతకన్నా ముందే పెద్దాయనకి నా ఫోటో పంపాను. ఫుల్ సైజు."

"చెరిపేస్తారు. ఆ రూలు ఆయన పెట్టిందే."

"చూసుకో మరి," అంటూ నెమలి ల్యాప్‌టాప్‌ని ఆమె ముందుకు తోసింది.

పిచ్చుక లాగిన్ కొట్టింది. 'మెయిల్ బాక్స్ వాడుకలో ఉంది.'

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రూలు పెట్టిన పెద్దమనిషే ఫోటో తెరిచి కూర్చున్నాడు! ముందు జుట్టు, తర్వాత నుదురు, అలా దిగుతూ ఉంటుంది. గడ్డం వచ్చేసరికి పన్నెండు దాటిపోతుంది. అది పూర్తయ్యేదాకా కొత్త మెయిల్ ఆయన కంటపడదు. ఫోన్ చేద్దామన్నా ఉన్న ఒక్క లైనూ ఆ ఫోటోకే సరిపోయింది.

మళ్ళీ కొట్టింది. వాడుకలో ఉంది.

"నన్ను చంపుకో. మా తమ్ముడికి ఈ గొడవలేవీ తెలీవే," అంది పిచ్చుక. నెమలి గోళ్ళు చూసుకుంది.

గోడ గడియారంలో పన్నెండు దాటింది. తన చేతుల్లో పెరిగిన తమ్ముడు ఇక లేడు. ఏడుస్తూనే, అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కింది. బాక్స్ తెరుచుకుంది. పైన పెద్దాయన సబ్జెక్ట్ లైన్. ఇద్దరూ వంగి చదివారు.

'ఆఖరి నిమిషంలో పడవ ఆపించాం. నీ తమ్ముడు క్షేమం. మా అత్తగారు చూసుకోకుండా ఫోనెత్తితే లైన్ తెగింది, మళ్ళీ కలిపితే నీ కబురు కనిపించింది. ఫోటో సగమే వచ్చింది. నెమలిని మళ్ళీ పంపమను.'

పిస్టల్ పిచ్చుక కణతకు ఆనింది. కాపాడటానికి ఎవరూ రారని ఆమెకు తెలుసు. కళ్ళు తుడుచుకుంది.

"చదివావుగా," అంది. "ఈసారి కాస్త చిన్న సైజులో పంపు."